పై వాటా ఆయన పటం

ముందే చెప్పేస్తున్నాను, నాకు భయంగా ఉంది. చంకకి కాస్త దిగువన, కుడిపక్కన ఒక గడ్డ చేతికి తగిలింది. ముక్క తీసి పరీక్షకి పంపారు. రిజల్టు ఇంకా రాలేదు. వంట చేస్తున్నాను, ఇల్లు ఊడుస్తున్నాను, ఫోను మోగితే మాత్రం చేతిలో పని అక్కడే పడేసి పరిగెడుతున్నాను. పూజ గదిలో కూర్చుంటే శ్లోకం మధ్యలో తప్పిపోతోంది. టీవీ పెడితే ఎవరేం మాట్లాడుతున్నారో ఎక్కడం లేదు. అందుకని ఆయన గురించి రాద్దామని కూర్చున్నాను. భయపడటం ఎలాగో ఆయనకి తెలిసినంత మా భవానీపురంలో ఇంకెవరికీ తెలియదు.

ఆయనంటే మా పై వాటా ఆయన. ఆరోగ్య బీమా ఏజెంటుగా కాళ్ళు అరిగేలా తిరిగి తిరిగి, మోకాళ్ళు పట్టేశాక మానేసి, మా మేడ మీద అద్దెకి దిగారు. అప్పటికే భార్య పోయింది. కూతుర్ని ఏలూరు ఇచ్చారు. నేను బాబాయిగారూ అనేదాన్ని. పేరు రాయను. ఎక్కడైనా తన పేరు కాగితం మీద కనిపిస్తే ఆయనకి గాభరా. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ పేర్లు కాగితాల మీద రాసిన మనిషికి ఇదేం భయమండీ అని నవ్వితే, "రాసిన కాగితాలు ఎప్పుడు బయటికి తీస్తారో నాకు తెలుసు కదమ్మా" అనేవారు. కిందటి నెలలో కాలం చేశారు.

మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కొంచెం ముందుకి వంగి ఉండేవారు. మాట్లాడుతున్నంతసేపూ ఎడంచెయ్యి మణికట్టుని కుడిచేత్తో పట్టుకుని ఉండేవారు. మర్యాద కోసం చేతులు కట్టుకున్నారనుకుంటాం. కాదు, నాడి చూసుకుంటున్నారు! మనం కరెంటు బిల్లు గురించి మాట్లాడుతుంటే ఆయన తలూపుతూ తన నాడి తాను వింటూ ఉండేవారు. మధ్యలో మొహం మారిపోయేది. "ఏమైందండీ?" అంటే, "ఒకటి తప్పిందమ్మా. మళ్ళీ అందుకుంది" అనేవారు.

ఇక మెట్ల మీద కనిపించారంటే ఒకటే ప్రశ్న. "ఒంట్లో ఎలా ఉందమ్మా?" అందరూ అడిగేదే, కాదనను. కానీ ఆయన అడగడం వేరు. గొంతు తగ్గించి, తల పక్కకి వంచి, మనకి తెలియనిదేదో ఆయనకి ముందే తెలిసిపోయినట్టు అడిగేవారు. బాగానే ఉన్నానని చెప్పి నాలుగు మెట్లు దిగేసరికి పిక్క పట్టేసినట్టు ఉండేది. ఆయనది కొల్లేటి పక్క ఊరు. చేపల వ్యాపారం చేసుకునే ఇంట్లో పుట్టి పెరిగారు. చేప మొప్ప ఎత్తి చూసే అలవాటు మనుషుల మీద కూడా పోలేదు. కనురెప్ప కిందికి లాగి చూసేవారు, గోళ్ళు నొక్కి చూసేవారు. ఒకసారి గ్యాస్ బండ మోసుకొచ్చినాయన్ని మెట్ల మధ్యలో ఆపి ఒంట్లో ఎలా ఉందని అడిగారు. పాపం అతను బండ దించి అక్కడే కూర్చుండిపోయాడు. నేను మజ్జిగ ఇచ్చి పంపాల్సి వచ్చింది.

మా ఆయనకైతే ఈయనంటే హడల్. వన్ టౌన్‌లో మాకు ఎండుమిర్చి హోల్‌సేల్ కొట్టు ఉంది. వ్యాపారస్తుడికి పొద్దున్నే ఎదురొచ్చే మనిషి ముఖ్యం అంటారు మావారు. పిల్లి, ఒంటి బ్రాహ్మడు, కట్టెల మోపు, వాటితోపాటు మా ఇంట్లో కొత్తగా చేరిన శకునం పై వాటా ఆయన. "ఇన్సూరెన్సాయన ఎదురొచ్చాడంటే ఆస్పత్రి ఎదురొచ్చినట్టేనే!" అని వెనక్కొచ్చేసి, చెప్పులు విప్పి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవారు. పైకి వినపడుతుందండీ అంటే వింటారా? ఉహూఁ.

పైకి వినపడింది కూడా. ఎలా తెలిసిందంటే, ఆ తర్వాత పొద్దుటిపూట మావారి స్కూటర్ సందు మలుపు తిరిగిన చప్పుడు వినపడేదాకా బాబాయిగారు మెట్లు దిగేవారు కాదు. పాల ప్యాకెట్ కోసం చేతిలో సంచి పట్టుకుని పై మెట్టు మీద గోడకి ఆనుకుని నిలబడి ఉండేవారు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని.

ఇప్పుడు ఆ పటం సంగతి చెప్పాలి.

వన్ టౌన్‌లో పాత సామాన్ల కొట్లో, విరిగిన కుర్చీల వెనకాల దొరికిందట ఆయనకి. ఎవరిదో పాత బంగళా ఖాళీ చేసినప్పుడు వచ్చిన సరుకు. ఇంగ్లండులో మొట్టమొదట కూలీనాలీకి ఆరోగ్య బీమా పెట్టిన రోజుల్లో అచ్చేసిన బొమ్మ. వందేళ్ళు దాటిన మాట. గోధుమరంగు తిరిగిపోయింది. చిన్న గదిలో మంచం, మంచం మీద బుగ్గలు పీక్కుపోయిన మనిషి, పక్కన కుర్చీలో కోటు వేసుకున్న పెద్దమనిషి, మంచం కాళ్ళ దగ్గర రోగి భార్య. కింద పెద్దక్షరాలతో నేషనల్ హెల్త్ ఇన్సూరెన్స్ అని ఇంగ్లీషులో ఉంటుంది. జబ్బుపడితే నీకు డాక్టరున్నాడు, కూలి పోయినా కొంత చేతికొస్తుంది, భయపడకు అని చెప్పడానికి వేసిన బొమ్మట అది. ఏజెంటు కదా, చూడగానే ప్రాణం లేచొచ్చింది. అద్దం పగిలిపోయి ఉంటే, పటాలు కట్టే షాపులో ఇచ్చి వచ్చారు.

ఆ షాపతను కట్టేవి రెండే రకాలు. దేవుళ్ళు, పోయినవాళ్ళు. ఇందులో దేవుడి లక్షణాలేవీ కనపడలేదు. మంచం మీద మనిషి, చుట్టూ దిగులు మొహాలు. తెచ్చిచ్చినాయన మొహం చూస్తేనేమో అంతకన్నా దిగులు. ఇంకేం అడగాలి? శుభ్రంగా నల్ల ఫ్రేము కట్టి, పైన బొట్టు పెట్టి, గంధపు చెక్కల దండ వేసి, ఎర్ర జీరో బల్బు బిగించి, వైరు కూడా చుట్టి ఉంచాడు. ఈయన వెళ్ళేసరికి చేతులు పట్టుకుని, "ధైర్యంగా ఉండండి సార్. పెద్దాయన మొహంలో ఇంకా కళ ఉంది" అన్నాడట!

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఆ దండ తీసేయండి బాబాయిగారూ, ఆ తెల్లాయన మీకేమవుతాడు?" అంటే, వణికిపోయారు. "వేసిన దండ తియ్యకూడదమ్మా. అసలు వెయ్యకుండా ఉండాల్సింది. వేసేశారు. ఇప్పుడు నేను తీస్తే ఏమవుతుందో ఎవరికి తెలుసు?" అన్నారు. అలా ఎక్కడో ఇంగ్లండు కూలాయనకి మా భవానీపురంలో రోజూ దీపాలవేళ ఎర్ర బల్బు వెలిగేది. పైకి వెళ్ళినవాళ్ళంతా ఆయన నాన్నగారేమో అనుకుని దణ్ణం పెట్టేవారు. బాబాయిగారు కంగారుగా అడ్డం పడేవారు. "పోలేదండీ ఆయన. జబ్బు అంతే. లేస్తాడు."

ఈ 'లేస్తాడు' అన్న మాట ఆయన నోటి వెంట ఎన్నిసార్లు విన్నానో. కరెంటు పోయిందంటే చాలు, బయటికొచ్చి వసారాలో అటూ ఇటూ తిరిగేవారు. ఇన్వర్టర్ పెట్టించుకుంది ఫ్యాను కోసం కాదు, ఆ బల్బు కోసం. కోవిడ్ రోజుల్లో ఊరు ఊరంతా తలుపులు బిగించుకుని చస్తుంటే, విచిత్రం, ఆయన మొహం మాత్రం కాస్త తేటపడింది. "ఇప్పుడు అందరూ నాలాగే ఉన్నారమ్మా" అన్నారు డాబా మీంచి.

ఆ కోవిడ్ సద్దుమణిగిన ఏడాదే నాకు మొదటిసారి గడ్డ తగిలింది. అప్పుడు ఎడంపక్క.

ఎవరికీ చెప్పలేదు. మావారికి చెప్తే కొట్టు మూసుకుని కూర్చుంటారు, అత్తగారికి చెప్తే చుట్టాలందరికీ తెలుస్తుంది. కొండెక్కి అమ్మవారికి మొక్కుకుని వచ్చాను. పగలంతా చెయ్యి దానంతటదే అక్కడికి పోయేది. తగ్గిందా, పెరిగిందా, కదులుతోందా? నిద్రలో కూడా పళ్ళు బిగపట్టేదాన్ని, పొద్దున లేస్తే దవడలు నొప్పి. ఒకరోజు డాబా మీద బట్టలు ఆరేస్తుంటే వెనక నుంచి వినపడింది.

"ఒంట్లో ఎలా ఉందమ్మా?"

"బానే ఉంది బాబాయిగారూ."

ఆయన వెళ్ళలేదు. నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి, "ఎప్పుడూ ఎడంచేత్తో బకెట్టు ఎత్తేదానివి. ఇప్పుడు కుడిచేత్తో ఎత్తుతున్నావు" అన్నారు.

బకెట్టు కింద పెట్టేశాను. అయినా బింకంగా, "మీకన్నీ అనుమానాలేనండీ, మమ్మల్ని హడలగొట్టకండి" అన్నాను.

"నాకు చెప్పమ్మా" అన్నారాయన. "నేను ఎలాగూ భయపడే మనిషినే. కొత్తగా నన్ను భయపెట్టేదేం ఉండదు."

తడి చీర చేతిలో పట్టుకునే చెప్పేశాను. ఎవరికీ చెప్పని మాట, పై వాటా ఆయనకి. విని, తెల్లబోయి, మణికట్టు పట్టుకుని అలాగే ఎండలో డాబా మీద చతికిలబడిపోయారు. చెప్పినదాన్ని నేను, నీళ్ళు తేవాల్సింది నేను! ఖర్మ కాకపోతే ఏంటి, అనుకున్నాను. కానీ ఆ గ్లాసు తెస్తుంటే గమనించాను, అన్నాళ్ళకి మొదటిసారి నా చెయ్యి అక్కడికి పోలేదు.

మర్నాడు మావారి స్కూటర్ వెళ్ళిన చప్పుడు కాగానే గేటు దగ్గర ఆటో ఆగింది. అందులో బాబాయిగారు, ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో సొంత స్టీలు గ్లాసు, మంచినీళ్ళ సీసా. ఆస్పత్రి గ్లాసులు ముట్టుకోరు మరి.

ఆ వసారా నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఫినాయిలు వాసన, గోడకి వరసగా ఇనప కుర్చీలు, చివర తెల్ల తలుపు. ఆ తలుపు తెరిచి నర్సు పేరు పిలుస్తుంది. తెరిచినప్పుడల్లా బాబాయిగారు కళ్ళు గట్టిగా మూసుకునేవారు. ఒళ్ళో స్టీలు గ్లాసుని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు. పక్కనావిడ నన్ను చూసి, "నాన్నగారికా అండీ?" అని జాలిగా అడిగింది. కాదు, నాకే అన్నాను.

"మీరు ఇంటికెళ్ళిపోండి బాబాయిగారూ, మిమ్మల్ని చూస్తే నాకు ఇంకా భయంగా ఉంది" అన్నాను, విసుగొచ్చి.

అప్పుడు చెప్పారు. కళ్ళు మూసుకునే చెప్పారు. "మా ఆవిడ నాకు చెప్పలేదమ్మా. కడుపులో నొప్పి. చాన్నాళ్ళు దాచింది. నేను ఊరందరికీ జబ్బుల గురించి చెప్పేవాణ్ణి కదా. ఇంటికొస్తే మటుకు, తుమ్మితే చాలు, అన్నం మానేసేవాణ్ణి. ఈయనకి చెప్తే తట్టుకోలేడు అనుకుంది. పాలసీ ఉంది. అందరికన్నా ముందు దానిపేరే రాశాను. ఉండి ఏం చేసుకోను? నోరు విప్పలేదు. ఎందుకు దాచావే అని చివర్లో అడిగితే, మీరు భయపడతారని, అంది."

తర్వాత ఆయన పటంలో మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ ఆవిడ గురించి చెప్పారు. ఎవరో తెలిసిన లెక్చరరు చెప్పారట, ఆ మొదటి రోజుల బీమాలో డాక్టరు సౌకర్యం కూలికెళ్ళే ఆ మనిషికే గానీ, ఇంట్లో ఆడమనిషికి లేదట. "అది తెలిశాక నేను మంచం మీద ఆయన్ని చూడటం మానేశానమ్మా. ఆయన లేస్తాడు. ఆవిడ నిలబడే ఉంది చూడు. ఆవిణ్ణి ఎవరూ అడగట్లేదు, ఒంట్లో ఎలా ఉందీ అని."

నా పేరు పిలిచారు.

ఆ పూట గడ్డలోకి సూది పెట్టి పరీక్షకి తీశారు. రిజల్టు రోజున కూడా ఆయనే వచ్చారు. ఏమీ లేదమ్మా, కొవ్వు గడ్డ, వెళ్ళిపోవచ్చు అన్నారు డాక్టరుగారు. బయటికొచ్చి ఆ మాట చెప్పాను. సంతోషిస్తారనుకున్నాను. ఆయన గబగబా లేచి, వసారా చివరికి వెళ్ళి వాంతి చేసుకున్నారు. నేను వీపు రాస్తూ నిలబడ్డాను, ఆయన స్టీలు గ్లాసుతోనే నోట్లో నీళ్ళు పోశాను. తేరుకుని మొదట అడిగింది ఇదీ.

"ఇంటాయనకి చెప్తావుగా?"

"చెప్తానండీ."

చెప్పలేదు. పోయిన గండం గురించి ఇప్పుడెందుకులే అనుకున్నాను. కానీ ఆ రోజు నుంచీ మెట్ల మీద నన్ను అడిగే ప్రశ్న మారింది. ఒంట్లో ఎలా ఉంది పోయి, "చెప్పావా?" వచ్చింది. కూరలు తరుగుతుంటే కిటికీలోంచి చెప్పావా? దీపావళికి స్వీట్లు పైకి పట్టుకెళ్తే డబ్బా అందుకుంటూ చెప్పావా? చివరికి అంబులెన్సు ఎక్కిస్తున్నప్పుడు కూడా, ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి, నన్ను చూసి పెదాలు కదిపారు. మాట బయటికి రాలేదు. రాకపోతే మాత్రం నాకు తెలియదా?

కర్మకాండలన్నీ అయ్యాక వాళ్ళమ్మాయి వచ్చి వాటా ఖాళీ చేసింది. పటం కిందికి తెచ్చి, "నాన్నగారు ఇది మీకివ్వమన్నారండీ" అంది. చివర్లో ఎలా ఉన్నారమ్మా, బాగా భయపడ్డారా అని అడిగాను. అడక్కూడదేమో, అడిగేశాను.

"భయపడ్డారండీ" అందా అమ్మాయి. "డాక్టరుకి చెప్పారు, నర్సుకి చెప్పారు, గది ఊడవడానికి వచ్చినామెకి కూడా చెప్పారు, నాకు భయంగా ఉందమ్మా అని. అందుకని ఎప్పుడూ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకునే ఉన్నారు. ఆ ఊడ్చే ఆవిడ కూడా డ్యూటీ దిగి వచ్చి కూర్చుందండీ."

పటం చూసి మావారు ఎగిరిపడ్డారు. "ఎవడో చచ్చిన తెల్లోడి పటం మనింట్లో ఏంటే! దండతో సహా!"

"చావలేదండీ. లేస్తాడు" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని నాకే తెలియదు. హాల్లో స్విచ్ బోర్డు పక్కన తగిలించాను.

ఆ వారంలోనే స్నానం చేస్తుంటే కుడిపక్క గడ్డ తగిలింది. ఈసారిది వేరు. గట్టిగా ఉంది, వేళ్ళ కింద కదలట్లేదు. కుళాయి కట్టేసి అలాగే నిలబడిపోయాను. పైన వాటా ఖాళీ. అడిగే మనిషి లేడు. బకెట్టు ఏ చేత్తో ఎత్తినా చూసేవాళ్ళు లేరు. మళ్ళీ పళ్ళు బిగించాను. దీపాలవేళ బల్బు వెయ్యడానికి వెళ్తే, ఎర్రటి వెలుగులో మంచం మీద ఆయన కాదు, కాళ్ళ దగ్గర నిలబడ్డ ఆవిడే కనిపించేది. ఆ బొమ్మ ముందు ఎక్కువసేపు నిలబడలేకపోయేదాన్ని.

ఒకరోజు సాయంత్రం మావారు కొట్టు నుంచి వచ్చారు. చొక్కా నిండా మిర్చి ఘాటు.

"ఏవండీ, ఒకసారి ఇలా కూర్చోండి."

"ఉండవే, చేతులు కడుక్కొస్తాను."

"తర్వాత కడుక్కుందురుగాని. కూర్చోండి."

నా మొహంలో ఏం కనపడిందో, కూర్చున్నారు. చెప్పాను. ఇప్పటిదీ చెప్పాను, అప్పటిదీ చెప్పాను, పై వాటా ఆయన ఆటో తెచ్చిందీ చెప్పాను. మావారు వింటూ వింటూ రెండు చేతులతో కళ్ళు తుడుచుకున్నారు. ఇన్నేళ్ళ వ్యాపారంలో కారం చేతులు కంటిదాకా పోనివ్వని మనిషి! కళ్ళు ఎర్రబడిపోయి, ధారలు కారిపోతున్నాయి. ఘాటుకో, దేనికో.

"అప్పుడు నేనేం చేస్తున్నానే?"

"కొట్లో ఉన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు భయపడతారని" అన్నాను. అన్న తర్వాత ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది.

ఆయన కళ్ళు తెరవలేక, తడుముకుంటూ నా కొంగు పట్టుకున్నారు. తర్వాత, "నాకు భయమేస్తోందే" అన్నారు. "నాకూనండీ" అన్నాను. కుళాయి దగ్గర నిలబెట్టి ఆయన కళ్ళు నేనే కడిగాను.

ముక్క పరీక్షకి వెళ్ళాల్సిన రోజున ఇద్దరం పొద్దున్నే తయారయ్యాం. మావారు స్కూటరు బయటికి తీశారు. నేను తాళం వేసి వచ్చి చూస్తే స్టార్టు చెయ్యకుండా మెట్ల వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. పై మెట్టు మీద, గోడ పక్కన ఎవరూ లేరు.

"ఏంటండీ?"

"ఏం లేదు. ఇవాళొక్క రోజు ఆయన ఎదురొస్తే బాగుండేదే."

స్కూటరు ఎక్కే ముందు నేను ఒకసారి పైకి చూశాను.

"చెప్పాను బాబాయిగారూ" అన్నాను.